మధ్యాహ్నం తర్వాతి చెయ్యి

మా ప్రయోగశాలలో గుండుసూది కొనాలన్నా మూడు కొటేషన్లు తేవాలి. మూడింటినీ పోల్చి పట్టిక గీయాలి, తక్కువ ధరవాడినే ఎందుకు ఎంచామో రాయాలి, ఎక్కువ ధరవాడిని ఎంచితే ఇంకో నాలుగు పేజీలు రాయాలి. విశాఖపట్నంలో ఇరవై రెండేళ్ళు ఈ పని చేశాక 'ఉచితం' అనే మాట వింటే నాకు నెత్తిన పాలు పోసినట్టుండేది. ఊరికే వచ్చేదానికి కొటేషను అక్కర్లేదు. ఆడిటు వాళ్ళు ప్రశ్నలెయ్యరు. మా డైరెక్టరు భానుమూర్తిగారు సంతకం పెట్టేముందు కళ్ళజోడు తీసి తుడుచుకోరు.

అందుకే నిలకడ పట్టీలో ఏ లినక్సు పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, తేల్చెయ్యడానికి నాకు ఒక కప్పు కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు. తేల్చింది నేనే, హైమవతి అనే సీనియర్ టెక్నికల్ ఆఫీసరుని. తర్వాత జరిగినదాన్ని ఎవరి నెత్తినా రుద్దను.

పట్టీ మాత్రం బంగారంలాంటిది. మా ప్రయోగశాల ఆరేళ్ళ కష్టం. చేతులు అదిరే జబ్బున్నవాళ్ళు దాన్ని ముంజేతికి కట్టుకుంటారు. మెదడు నుంచి వేళ్ళకి వెళ్ళే కబురుని పట్టీ దారిలోనే వింటుంది. అందులో మనిషి తలపెట్టిన కదలిక ఏదో, జబ్బు పుట్టించిన అదురు ఏదో వేరుచేసి, అదురు వేళ్ళదాకా చేరేలోపే దానికి సరిగ్గా ఎదురు తోపు పంపిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, చెయ్యి నిలుస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు జరగాలి కాబట్టి పట్టీలో గోరంత కంప్యూటరు ఉంది. దాన్ని నడిపేది లినక్సు అనే మూల ప్రోగ్రాము.

లినక్సు ఒకటే అయినా రకరకాల వాళ్ళు దాన్ని రకరకాలుగా కూర్చి ఇస్తారు, ఒకే బియ్యంతో ఒకరు పులిహోర, ఒకరు దద్ధోజనం చేసినట్టు. ఆ కూర్పుల్ని పంపిణీలంటాం. మా పట్టీకి పనికొచ్చేవి రెండు దొరికాయి. మొదటిది స్థిర, ఒక పెద్ద కంపెనీది. పైసా ఇవ్వక్కర్లేదు. పేరు రాసి మీట నొక్కితే దిగిపోతుంది, చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంటుంది. కాకపోతే చెయ్యిని నేర్చుకునే అసలు ముక్క మూత బిగించిన డబ్బాలాంటిది, లోపలేముందో చూడనివ్వరు. రెండోదాని పేరు తోడు. కొందరు డాక్టర్లు, పరికరాలు బాగుచేసే మెకానిక్కులు సహకార సంఘంగా కూడి చేశారు. దాన్ని చిన్న కార్డులోకి ఎక్కించి పోస్టులో పంపి ఎనిమిది వందలు పుచ్చుకుంటారు. లోపలి ప్రోగ్రాము ఎలా రాశారో అక్షరం వదలకుండా దాంతోపాటే ఇస్తారు. వాళ్ళ కరపత్రం మీద 'స్వేచ్ఛగా వాడుకోండి' అని ఉంది. డబ్బులు పుచ్చుకుంటూ స్వేచ్ఛేమిటని నవ్వుకుని స్థిర దించేశాను. నలభై ఒక్క పేజీల ఒప్పందం వచ్చింది. గబగబా చివరికి జరిపి 'అంగీకరిస్తున్నాను' నొక్కాను. చదివినవాళ్ళెవరినీ నేనింతవరకు చూడలేదు.

వచ్చిన నిధులకి ఇరవై నాలుగు పట్టీలు తయారయ్యాయి. పదిహేడోది పొందూరు వెళ్ళింది.

పొందూరు దాలమ్మకి అరవై నాలుగేళ్ళు. ఎనిమిదో ఏట రాట్నం ముందు కూర్చున్న మనిషి. ఆ ఊళ్ళో పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దువ్విన దూదిని ఏకులు చేసి, మాయకుండా ఎండిన అరటి దొప్పలో చుట్టిపెట్టుకుంటారు. ఆ ఏకుల్లోంచి దాలమ్మ తీసే నూలు వెలుతురుకి అడ్డంపెడితే గానీ కంటికి ఆనేది కాదట. అలాంటి చేతికి ఐదేళ్ళ కిందట అదురు పట్టుకుంది. మొదట దారం ఒకచోట లావుగా ఒకచోట సన్నంగా వచ్చేది. తర్వాత తెగడం మొదలైంది. ఆ తర్వాత ఆమె ఏకు ముట్టుకోవడమే మానేసింది. ఆ జబ్బు వాళ్ళ అమ్మకీ ఉండేదట.

పట్టీ కట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. దాలమ్మ కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడంచేత్తో ఏకుని వెనక్కి లాగింది. మొదటి పది దారాలు తెగాయి. పదకొండోది మూరెడు సాగింది, బారెడు సాగింది, కదురుకి చుట్టుకుంది. మళ్ళీ సాగింది. ఆమె దారం వైపు చూడలేదు, తన ఎడంచేతినే చూసుకుంటోంది.

"నా సెయ్యేనేటి ఇది?" అంది.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేసిన ఒక్క మంచిపని ఎదురుగా గిర్రున తిరుగుతుంటే ఎవరికి ఆగుతాయి.

దాలమ్మ పక్కన ఆమె చెల్లెలు అసిరమ్మ కూర్చుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ అన్నదమ్ముల్ని చేసుకుని ఒకే ఇంట్లో కాపురానికొచ్చారు. మగవాళ్ళిద్దరూ పోయాక కూడా ఆ ఇంట్లోనే, ఒకే పొయ్యి మీద బతుకుతున్నారు. అసిరమ్మ నాకు టీ అందిస్తుంటే గ్లాసు గలగల్లాడింది. ఆమెకీ అదే జబ్బు. వచ్చే ఏడాది నిధులొస్తే మీకూ ఒకటి తెస్తానన్నాను. "అలగేనమ్మా" అని ఊరుకుంది. నొచ్చుకోలేదు, ఎప్పుడని అడగలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

పట్టీ పట్టుకున్న లెక్కలన్నీ రోజూ నాకు వచ్చేవి. మూడో నెలలో వాటిలో ఒక వింత కనబడింది. పదిహేడో చెయ్యి పొద్దున్న ఒక తీరుగా, మధ్యాహ్నం రెండు దాటాక ఇంకో తీరుగా ఉంటోంది. పొద్దుటి అదురు పెద్దది, నెమ్మదైనది. మధ్యాహ్నం తర్వాతి అదురు చిన్నది, చురుకైనది. ఏకుని పట్టుకునే బిగువు కూడా వేరు. ఎండ వల్లనా, అలసట వల్లనా, తిండి వల్లనా అని తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి 'మధ్యాహ్నం తర్వాతి చెయ్యి' అని పద్దెనిమిది పేజీల వ్యాసం రాశాను. స్థిర కంపెనీవాళ్ళు అది చదివి మురిసిపోయారు. మూడు సదస్సుల్లో దాన్ని చదివాను. భువనేశ్వర్‌లో ఒక నరాల డాక్టరు లేచి, అన్నం తిన్నాక రక్తం పొట్టవైపు మళ్ళడం వల్ల కావచ్చన్నాడు. నేను తలూపి, అది కూడా రాసుకున్నాను.

ఏడో నెలలో స్థిర కొత్త రూపం వచ్చింది. ఒక ఆదివారం తనంతట తానే అన్ని పట్టీల్లోకీ దిగిపోయింది. సోమవారం మధ్యాహ్నం రెండుంపావుకి అసిరమ్మ ఫోను చేసింది.

"అమ్మా, పట్టీ సచ్చిపోనాది. ఎర్ర దీపం ఎలుగుతోంది."

"దాలమ్మగారికి ఇవ్వండి."

"అప్ప కునుకు తీస్తంది."

"మరి పట్టీ ఎవరి చేతికుంది?"

"నా సేతికే" అంది అసిరమ్మ.

మర్నాడు పొద్దుటి పాసింజరెక్కాను. కిటికీ పక్కన కూర్చుని నా పద్దెనిమిది పేజీలూ, మూడు సదస్సులూ, భువనేశ్వర్ డాక్టరూ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. విజయనగరం దాటేసరికి నాలో నేనే నవ్వుకోవడం మొదలుపెట్టాను. ఎదుటి సీటావిడ సంచి దగ్గరికి లాక్కుంది.

ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ ఏమీ దాచలేదు. అసలు దాచవలసిన సంగతి ఉందనే వాళ్ళు అనుకోలేదు.

"పొద్దుటేల నాను వడుకుతాను, అది వొండుతాది" అంది దాలమ్మ. "బువ్వ తినీసినాక అది వడుకుతాది, నాను నడుం వాలుస్తాను. ఈ ఇంటికొచ్చిన కాడ్నించీ అంతే గదమ్మా. రాట్నం ఒకటే."

"పట్టీ మీ ఒక్కరికని ఇచ్చాం కదండీ."

"అవును. నాకు నువ్విచ్చినావు. నా సెల్లికి నానిచ్చినాను."

"నాతో చెప్పాలి కదా."

"రాట్నం సేసిచ్చినోడికి సెప్పినామేటి, మజ్జేనం పూట సెల్లి తిప్పుతాదని?"

పట్టీ తీసి చూశాను. కొత్త రూపం వచ్చాక అది కట్టుకున్న ప్రతిసారీ చెయ్యిని పోల్చి చూసుకుంటోంది. రెండో చెయ్యి కనబడగానే ఒప్పందం తప్పారని తాళం వేసుకుంది. ఇప్పుడు దాలమ్మ కట్టుకున్నా తెరుచుకోవడం లేదు. రాట్నం మీద పొద్దుటి దారం సగంలో ఆగి ఉంది.

కంపెనీకి ఫోను చేశాను. మాట్లాడినతను చాలా మర్యాదస్తుడు. పందొమ్మిదో పేజీ చూడమన్నాడు. ఒక పట్టీ, ఒక చెయ్యి. మీరు డబ్బు తీసుకోవడం లేదు కదా, ఇద్దరు వాడుకుంటే మీకు పోయేదేమిటన్నాను. అది మా పాలసీ మేడమ్ అన్నాడు. లోపల నేనే మార్చుకుంటానన్నాను. ముప్పయ్యో పేజీ చూడమన్నాడు. కనీసం ఏడు నెలలుగా ఆ చేతులు పట్టీకి నేర్పినదైనా తీసి ఇమ్మన్నాను. అది కంపెనీదట, ఇరవై ఆరో పేజీలో ఉందట. చివరికి ఒక దారి చూపించాడు. దాలమ్మ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఇక ఎవరికీ ఇవ్వనని. అప్పుడు పొద్దుటి చెయ్యికి మాత్రం తాళం తీస్తారు. మధ్యాహ్నం తర్వాతి చెయ్యిని చెరిపేస్తారు.

రెండు రోజుల తర్వాత ఆ కాగితం పట్టుకుని మళ్ళీ పొందూరు వెళ్ళాను. వెళ్ళడం ఇష్టంలేక వెళ్ళాను.

"సంతకం ఎట్టీ అప్పా" అంది అసిరమ్మ. "ఒక సెయ్యయినా ఆడతాది గదా."

"ఏటి రాసుందో సదువమ్మా" అని దాలమ్మ కాగితం నాకిచ్చింది. చదివాను. 'నా చెల్లెలితో సహా మరే ఇతర వ్యక్తికీ' అన్నచోట చెయ్యెత్తి ఆపింది.

"సెల్లిని కూడా రాసినారా?"

"రాశారండి."

ఆమె ఒళ్ళో పెట్టుకున్న ఎడంచెయ్యి ఆపకుండా అదురుతూనే ఉంది.

"నాను పెట్టను" అంది. "నాను వడుకుతుంటే అది ఎదర కూకుని సూస్తుండాలా? నా సేత కాదది. ఇద్దరం మానీసి కూకుంటాం. మొన్నటిదాకా కూకోనేదేటి?"

అసిరమ్మ గట్టిగా ఏడ్చేసింది. అక్కని తిట్టింది, పెట్టమని బతిమాలింది, పెడితే నేనూరుకోనని కూడా అంది. దాలమ్మ కదల్లేదు. నాకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. నేను చదవకుండా నొక్కిన ఒక మీట, ఈ ఇంట్లో అక్కకి చెల్లెలు పరాయి మనిషని రాసిన కాగితమై వచ్చింది.

తిరుగు రైల్లో తులసీరావు గుర్తొచ్చాడు. విజయనగరంలో ఫిజియోథెరపీ చేస్తాడు, మోకాళ్ళ యంత్రాలకి తోడు వాడుతున్నాడని ఎవరో చెప్పగా విన్నాను. దిగిపోయి ఆటో ఎక్కాను. ఆయన ఒక పెద్దాయన కాలు వంచుతూనే నా కథంతా విన్నాడు.

"తోడు కావాలి. కానీ మా ఆఫీసులో కొనాలంటే మూడు నెలలు పడుతుంది. మూడు కొటేషన్లు కావాలి, అమ్మేవాడు ఒక్కడే" అన్నాను.

"కొనడమెందుకు మేడమ్. నా కార్డు కాపీ చేసిస్తాను."

"దొంగ కాపీ నాకొద్దు బాబూ. ఇప్పటికే ఒక ఒప్పందంతో కొంప మునిగింది."

"దొంగదెందుకవుతుంది? కొన్నప్పుడే ఇంకొకళ్ళకి ఇచ్చుకోమని రాసిచ్చారు. చూడండి" అని గోడకి అంటించిన కాగితం చూపించాడు. ఒక్క పేజీ. ఎందుకైనా వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఉన్నదైనా మార్చినదైనా పక్కవాళ్ళకి ఇవ్వొచ్చు. నా జన్మలో మొదటిసారి ఒక ఒప్పందాన్ని ఆఖరి దాకా చదివాను.

"మరి ఎనిమిది వందలెందుకు పుచ్చుకున్నట్టు?"

"కార్డుకి, పోస్టుకి, వాళ్ళ కష్టానికి. వంట చేసినవాళ్ళు డబ్బు పుచ్చుకోకూడదా? ఒకసారి నా చేతికొచ్చాక నాది. పదకొండు మందికిచ్చాను ఇప్పటికి. పైసా తీసుకోలేదు, కావాలంటే తీసుకోవచ్చు కూడా."

"స్థిరవాళ్ళు అసలు ఊరికే ఇచ్చారు కదా తులసీరావుగారూ."

ఆయన పెద్దాయన కాలు మెల్లిగా దించాడు. "ఇవ్వలేదు మేడమ్" అన్నాడు. "వాడుకోనిచ్చారు."

నేను పప్పులో కాలేసింది సరిగ్గా అక్కడే. ధర ఎంతో చూశాను గానీ, తెచ్చుకున్నాక దాంతో ఏం చెయ్యొచ్చో చూడలేదు. గుండుసూదులు కొనీ కొనీ నా బుర్ర ధరల పట్టికలా తయారైంది.

భానుమూర్తిగారు నేను చెప్పింది విని భయపడ్డారు. "మిగతా ఇరవై మూడు పట్టీలు కూడా ఆపేస్తారేమో హైమవతిగారూ."

"పట్టీలు మనవి సార్, ప్రోగ్రాము వాళ్ళది. వాళ్ళది మనం విప్పి చూడ్డం లేదు. తీసేస్తున్నాం, అంతే. ఒక్క పదిహేడోదాంతో మొదలుపెడతాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దీనికి కొటేషన్లు?"

"అక్కర్లేదు సార్."

సంతకం పెట్టేశారు.

తర్వాత మూడు రోజులు తోడు ప్రోగ్రాము ముందేసుకుని కూర్చున్నాను. అందులో కూడా ఒక పట్టీకి ఒక చెయ్యే ఉంది. కానీ అది రాసిన వరస పక్కనే ప్రోగ్రాము చేసినవాళ్ళెవరో ఒక ముక్క రాసిపెట్టారు: 'ఒకరే వాడతారని అనుకుంటున్నాను. తప్పయితే దిద్దండి.' నేను దిద్దాను. కట్టుకోగానే ఎవరి చెయ్యో గుర్తుపట్టి, ఆ చేతికి నేర్చుకున్నది తియ్యాలి. కొత్త చెయ్యి అయితే ఒక మీట నొక్కి పేరు చెప్పాలి. పదిహేనేళ్ళుగా ఫైళ్ళే తప్ప ప్రోగ్రాము రాయని దాన్ని, నలభై వరసలు రాయడానికి మూడు రోజులు పట్టింది. రాస్తున్నంతసేపూ ఆకలి తెలియలేదు. ఎదురు తోపు ఎంత మించకూడదో పట్టీలోని సర్క్యూటులోనే కట్టడి ఉంది కాబట్టి నేను తప్పు రాసినా చేతికి దెబ్బ తగలదు. ఆ ధైర్యం మాత్రం ఉంది.

లేని ధైర్యం ఇంకొకటి. స్థిర తీసేస్తే ఏడు నెలలుగా నేర్చుకున్నదంతా దాంతోపాటే పోతుంది. తోడు మొదటి నుంచీ నేర్చుకోవాలి. నేర్చుకుంటుందన్న హామీ లేదు. ఎక్కించేటప్పుడు మధ్యలో ఆగితే పట్టీ ఇక ఎందుకూ పనికిరాదు, ఇంకో పట్టీ నా దగ్గర లేదు. ఇదంతా అక్కచెల్లెళ్ళకి దాచకుండా చెప్పాను.

దాలమ్మ విని, "పట్టీ మరిసిపోతాది. మా సేతులు మరిసిపోవు గదా" అంది. "నేర్పుతాం."

వాకిట్లో మంచం మీద కంప్యూటరు పెట్టి పొద్దున్న పదింటికి మొదలుపెట్టాను. వందలో అరవై ఒకటి దగ్గర అది ఆగిపోయింది. ఒక నిమిషం చూశాను, రెండు చూశాను. అసిరమ్మ నా మొహం చూసి మంచినీళ్ళు తెచ్చింది. నాలుగో నిమిషంలో అరవై రెండైంది. ఆ తర్వాత చకచకా పాకింది. పట్టీ మీద ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చేసరికి, పట్టుకున్న గ్లాసులో నీళ్ళు తాగలేదన్న సంగతి గుర్తొచ్చింది.

సంతోషం ఆ పూటకే. ఆ రోజంతా ఒక్క దారం నిలవలేదు. రెండో రోజు దాలమ్మ కావాలని లాగిన లాగుని కూడా పట్టీ అదురనుకుని అణిచేసింది, చెయ్యి గాల్లో ఆగిపోయింది. సెలవు పొడిగించమని ఆఫీసుకి కబురు పెట్టి వాళ్ళింట్లోనే ఉండిపోయాను. వీధి అరుగు మీద కూర్చుని ప్రోగ్రాములో ఒక అంకె మార్చేదాన్ని, లోపల్నుంచి దాలమ్మ కేకేసేది: "అంతకాదు. ఇంకొంచిం ఒదులు." మళ్ళీ మార్చేదాన్ని. నలభై ఒక్క పేజీల వాళ్ళకి ఎవరైనా ఇలా కేకేసి చెప్పగలరా అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్న దారం బారెడు సాగి, కదురెక్కి, మళ్ళీ సాగింది. దాలమ్మ అన్నం వేళ దాకా లేవలేదు.

రెండింటికి ఆమె పట్టీ విప్పి చెల్లెలి చేతికి కట్టింది. ఆ రోజు నడుం వాల్చలేదు, పక్కనే గోడకి చేరగిలబడి కూర్చుంది. అసిరమ్మ మొదటి దారం తెగింది. రెండోదీ తెగింది. పట్టీ ఒక క్షణం ఆలోచించినట్టు పచ్చదీపం ఆర్పి వెలిగించింది. మూడో దారం తెగలేదు. అసిరమ్మ చెయ్యి వెనక్కి వెళ్ళింది, వచ్చింది, వెళ్ళింది. పది రోజులకి పైగా నా గుండె మీద ఉన్న బరువంతా దిగిపోయి, అక్కడే గోడకి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాను.

విశాఖపట్నం వచ్చాక మిగతా పట్టీలు ఒక్కొక్కటే మార్చాను. కంపెనీ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి, భానుమూర్తిగారు వాటికి మూడు పేజీల జవాబు రాశారు. ఫైళ్ళ విషయంలో ఆయనతో ఎవరూ గెలవలేరు. నా నలభై వరసల్ని తోడు సంఘానికి పంపితే, రెండు తప్పులు దిద్ది అందరికీ పంచారు. సదస్సులవాళ్ళకి ఒక పేజీ సవరణ పంపాను: 'మధ్యాహ్నం తర్వాతి చెయ్యి పదిహేడో నంబరు వ్యక్తిది కాదు. ఆమె చెల్లెలిది.' భువనేశ్వర్ డాక్టరు దగ్గర్నుంచి మాత్రం ఇంకా జవాబు లేదు.

ఆరు వారాల తర్వాత పరీక్షకని పొందూరు వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంట. దాలమ్మ రాట్నం పక్కకి జరిపి ఏకులు చుట్టుకుంటోంది. చేతికి పట్టీ లేదు. అసిరమ్మ చేతికీ లేదు. నా పై ప్రాణం పైనే పోయింది.

"మళ్ళీ ఆగిపోయిందా?"

"ఆగనేదు. ఈదిలోకెల్లినాది" అంది దాలమ్మ, చేతిలో ఏకు దొప్పలో పెడుతూ.

లేచి నన్ను తీసుకెళ్ళింది. నాలుగిళ్ళవతల దర్జీ ముకుందరావు కొట్టు. డెబ్బై ఏళ్ళ మనిషి, చేతులు అదిరి కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి రెండేళ్ళయిందట. ఇప్పుడు గడప దగ్గర వెలుతుర్లో కూర్చుని పిల్లాడి చొక్కాకి బొత్తాలు కుడుతున్నాడు. ముంజేతికి పదిహేడో నంబరు పట్టీ. సూది బెజ్జంలోకి దారం ఎక్కించడం నా కళ్ళారా చూశాను, ఒక్కసారికే ఎక్కింది. పట్టీలో పేర్లు చూస్తే దాలమ్మ, అసిరమ్మ, కింద ముకుందం. మీట నొక్కి ఆ పేరు చెప్పింది అసిరమ్మేనట.

నాకు చిరాకేసింది. ఇది నేను చేసిన పట్టీ, నేను రాసిన వరసలు, నా ఫైలు, నా పదిహేడో నంబరు. ఒక మూడో మనిషి చేతికెక్కి ఎన్నాళ్ళైందో కూడా నాకు తెలియదు.

"నాతో ఒక్క మాటైనా చెప్పొద్దా దాలమ్మగారూ?"

దాలమ్మ నా వైపు చూసింది. ఎదురు చెప్పడం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"నిన్నడగాలేటమ్మా?"

ఇరవై రెండేళ్ళుగా అడిగించుకోవడం, అడగడం తప్ప ఇంకోటి తెలియని దాన్ని. ఏ పేజీలో అలా ఉందో మనసులోనే వెతుక్కున్నాను. ఏ పేజీలోనూ లేదు. నవ్వొచ్చింది, చిరాకు దాంతోనే పోయింది, ఒళ్ళంతా తేలికైంది.

"అక్కర్లేదు" అన్నాను.

"అదీ" అంది దాలమ్మ. ముకుందరావు వైపు తిరిగి, "రెండవతాంది. ఆ బొత్తాం కుట్టీసి ఇచ్చీ, అసిరి కాసుకోనుంది" అంది.